కొత్త డెస్క్‌టాప్ మొదటిసారి వెలిగేవరకు: రెండు వారాల ప్రాజెక్టు డైరీ

మార్చి 8, శనివారం

మా తమ్ముడి కూతురు హనుమకొండలో మా ఇంట్లోనే ఉండి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. ఈ సెమిస్టర్ నుంచి త్రీడీ మోడలింగ్ పని ఎక్కువ కావడంతో పాత కంప్యూటర్ చాలడం లేదని, విడిభాగాలు తెచ్చి ఇంట్లోనే కొత్తది కట్టుకుందామని సంక్రాంతి నుంచి అనుకుంటున్నాం. గురువారం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అని పిలిచే ఆ కంప్యూటర్ల బజారుకు వెళ్లి, నాలుగైదు దుకాణాలు తిరిగి సామాను కొని, సాయంత్రం రైలులో కాజీపేటలో దిగాను.

తెచ్చినవి ఇవి: రైజెన్ 5 7600 ప్రాసెసర్, దాని పెట్టెలోనే వచ్చిన కూలర్, బి650 చిప్‌సెట్ ఉన్న మైక్రో ఏటీఎక్స్ (మామూలుదానికంటే చిన్న కొలత) మదర్‌బోర్డు, 16 జీబీ చొప్పున రెండు డీడీఆర్5 ర్యామ్ (మెమరీ) స్టిక్కులు, ఫైళ్లు దాచుకోవడానికి ఒక టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్, అంటే అన్నిటికీ కరెంటు సరఫరా చేసే డబ్బా. గ్రాఫిక్స్ కార్డు ఇప్పటికి కొనలేదు, ఎందుకంటే ఈ ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ భాగం ఉంది కాబట్టి డిస్‌ప్లే కేబుల్‌ను నేరుగా మదర్‌బోర్డుకే పెట్టుకోవచ్చు. కేబినెట్ మాత్రం పాతదే. ఇనుము మందంగా ఉండి, తుప్పు పట్టకుండా పదేళ్లుగా నిలిచిన పెట్టె కావడంతో పారేయడానికి మనసు రాలేదు.

ఉదయం పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం మూడింటికి బిగింపు పూర్తిచేశాం. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎమ్5 సాకెట్‌లో 1718 సన్నని స్ప్రింగు పిన్నులు మదర్‌బోర్డు మీదే ఉంటాయి, ప్రాసెసర్ అడుగున బంగారు పూత వేసిన చదునైన బిళ్లలు మాత్రమే ఉంటాయి. దానికి ముందు వచ్చిన ఏఎమ్4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉండేవి. అందుకే ఈసారి జాగ్రత్త అంతా సాకెట్ మీద పెట్టాలని అమ్మాయికి చెప్పి, త్రిభుజం గుర్తులు కలిపి ప్రాసెసర్‌ను తనచేతనే కూర్చోబెట్టించాను. ర్యామ్ స్టిక్కులను ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో గాడిలోనూ నాలుగో గాడిలోనూ పెట్టాం. బోర్డు మీద వాటికి ఏ2, బీ2 అని రాసి ఉంది.

మూడున్నరకు పవర్ బటన్ నొక్కాం. ఎస్‌ఎంపీఎస్‌లో టిక్కుమని ఒక శబ్దం వినిపించింది, ప్రాసెసర్ ఫ్యాన్ పావు చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే ఏమీ కదల్లేదు. వెనుక స్విచ్చు ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేసి నొక్కితే అచ్చం అదే జరిగింది: టిక్కు శబ్దం, పావు చుట్టు, నిశ్శబ్దం. ఇంకోసారి నొక్కబోతున్న అమ్మాయిని ఆపాను. ఎస్‌ఎంపీఎస్ ఏదో షార్ట్‌ను గుర్తించి తనను తాను మూసుకుంటున్నట్టు ఈ లక్షణం చెబుతోంది, అలాంటప్పుడు కారణం తెలియకుండా పదేపదే కరెంటు పంపడం బోర్డుకు మంచిది కాదు.

ప్లగ్గు ఇంకా తీయకముందే కేబినెట్ వెనుక రంగు లేని అంచుకు నా మణికట్టు తగిలి సన్నగా జివ్వుమంది. టెస్టర్ పెట్టి చూస్తే నియాన్ బల్బు మసకగా వెలిగింది. ఇది షార్ట్‌కు సంబంధించినదేనా, వేరే సంగతా అన్నది తేలకుండా ముందుకు వెళ్లకూడదని ప్లగ్గు తీసేసి ఈ రోజుకు పని ముగించాం.

మార్చి 9, ఆదివారం

పొద్దున్నే ఎర్తింగ్ సంగతి చూశాం. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి త్రీపిన్ సాకెట్‌లో కొలిస్తే ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 234 వోల్టులు సరిగ్గానే ఉన్నాయి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా దాదాపు అంతే రావాలి, కానీ అంకెలు నిలకడగా నిలవకుండా ఎగుడుదిగుడుగా మారుతున్నాయి. అంటే సాకెట్‌లో ఎర్త్ రంధ్రం ఉందే కానీ దాని వెనుక తీగ లేదన్న మాట.

ఎస్‌ఎంపీఎస్ లోపల, కరెంటులోని రొదను వడగట్టడానికి ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు ఇనుప డబ్బాకు కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే వాటి గుండా వచ్చే అతి స్వల్పమైన కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే ఆ డబ్బాతో పాటు మొత్తం కేబినెట్ సుమారు సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమనడంతో సరిపోతుంది, కానీ లోపల తీగ ఏదైనా తెగి డబ్బాకు తగిలిన రోజున మనిషిని కాపాడవలసింది ఆ ఎర్త్ తీగే. మన ఇళ్లలో చాలామంది కంప్యూటర్ ముట్టుకుంటే కొంచెం షాక్ కొట్టడం మామూలే అని సర్దుకుపోతారు. అది మామూలు విషయం కానే కాదని ఇక్కడ గట్టిగా రాసుకుంటున్నాను.

గోడలోని వైరింగ్ జోలికి నేను పోలేదు. వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే, మెయిన్ ఆపి స్విచ్‌బోర్డు విప్పి, ఎర్త్ తీగ స్క్రూ నుంచి ఊడిపోయి గోడ గూటిలో మడతపడి ఉందని చూపించాడు. దాన్ని బిగించాక ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 232 వోల్టులు నిలకడగా వచ్చాయి. టెస్టర్ ఇక వెలగలేదు. అయితే బటన్ నొక్కినప్పటి లక్షణం మాత్రం మారలేదు. రెండూ వేర్వేరు జబ్బులని తేలింది.

ఇక అసలు పని. కంప్యూటర్ మొదలవడంలో ఒక వరుస ఉంది, ఆ వరుసలో ఎక్కడ ఆగిందో తెలిస్తే వెతకవలసిన చోటు చాలా చిన్నదవుతుంది. గోడ స్విచ్చు వేయగానే ఎస్‌ఎంపీఎస్ 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇస్తుంది. బటన్ నొక్కితే మదర్‌బోర్డు 24 పిన్నుల కనెక్టర్‌లోని 16వ తీగను గ్రౌండ్‌కు లాగి, మిగతా వోల్టేజీలన్నీ విడుదల చేయమని ఎస్‌ఎంపీఎస్‌ను అడుగుతుంది. అవి నిలకడ పడ్డాక ఎస్‌ఎంపీఎస్ అంతా బాగుందని మరో తీగ మీద కబురు పంపుతుంది. ఆ తరువాతే ప్రాసెసర్ మేల్కొంటుంది, తరువాత మెమరీ, తరువాత డిస్‌ప్లే, చివరికి డిస్క్. మాది రెండో మెట్టు దాటి మూడో మెట్టుకు చేరకుండానే ఆగిపోతోంది.

మొదట ఎస్‌ఎంపీఎస్‌ను మదర్‌బోర్డు నుంచి పూర్తిగా విడదీసి ఒంటరిగా పరీక్షించాం. పాత ఎస్‌ఎంపీఎస్‌లలో 16వ తీగ ఆకుపచ్చగా ఉండేది, వెతుక్కునే పని ఉండేది కాదు. ఇప్పుడు వచ్చేవాటిలో చాలావరకు అన్ని తీగలూ నలుపే కాబట్టి పటం చూసి పిన్నులు లెక్కపెట్టాలి. ప్లగ్గు తీసి ఉండగా 16, 17 పిన్నుల మధ్య పేపర్ క్లిప్పు తీగ పెట్టి, ఆ తరువాత స్విచ్చు వేస్తే ఎస్‌ఎంపీఎస్ నిలకడగా పనిచేసింది. మీటర్‌లో 12.08, 5.04, 3.33 వోల్టులు కనిపించాయి. ఐదు శాతం హెచ్చుతగ్గుల వరకు అనుమతి ఉంటుంది, అంటే 12 వోల్టుల తీగ మీద 11.4 నుంచి 12.6 వరకు సరే. భారం లేకుండా తీసిన ఈ లెక్క ఎస్‌ఎంపీఎస్ సంపూర్ణంగా బాగుందని రుజువు చేయదు, కానీ చచ్చిపోలేదని మాత్రం చెబుతుంది.

తరువాత మదర్‌బోర్డును కేబినెట్ నుంచి బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పరిచాం. దాన్ని చుట్టి వచ్చిన వెండిరంగు సంచి మీద పెడదామని అమ్మాయి అడిగింది కానీ, ఆ సంచుల పైపొర కరెంటును కొంత పోనిస్తుంది, కాబట్టి పనిచేసే బోర్డును దాని మీద పెట్టకూడదు. ప్రాసెసర్, కూలర్, ఒకే ఒక్క ర్యామ్ స్టిక్కు ఉంచి మిగతావన్నీ తీసేశాం. 24 పిన్నుల కనెక్టర్, ప్రాసెసర్‌కు పోయే 8 పిన్నుల కనెక్టర్ రెండే పెట్టాం. గ్రాఫిక్స్ కార్డుకు పోయే 8 పిన్నుల తీగ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, అది 6+2గా విడిపోతుంది, ప్రాసెసర్‌ది 4+4గా విడిపోతుంది. సులువుగా దిగకపోతే అది వేరే తీగ అన్నమాటే తప్ప బలం ఉపయోగించవలసిన సందర్భం కాదు.

కేబినెట్ బటన్ లేదు కాబట్టి పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకించాను. ఫ్యాన్ తిరిగింది. తిరుగుతూనే ఉంది! వరుసగా మూడుసార్లు ఆపి వేసినా అలాగే మొదలైంది. షార్ట్ బోర్డులో లేదు, కేబినెట్‌లో ఉంది.

ఖాళీ కేబినెట్‌ను కిటికీ దగ్గర పడుకోబెట్టి వెలుతురులో చూశాం. బోర్డుకు ఎనిమిది స్క్రూలు బిగించానని నాకు బాగా గుర్తు. బోర్డు ఇనుముకు తగలకుండా ఎత్తి పట్టే ఇత్తడి స్టాండ్‌ఆఫ్‌లను అమ్మాయి వేలితో తాకుతూ లెక్కపెట్టి, "తొమ్మిదున్నయి పెద్దనాన్నా" అంది. పాత బోర్డు ఇంకా పెద్దది, దానికి తొమ్మిది రంధ్రాలు ఉండేవి. తొమ్మిదో స్టాండ్‌ఆఫ్ ఈ బోర్డుకు రంధ్రమే లేని చోట నిలబడి వెనుక నుంచి బోర్డును పొడుస్తోంది. కొత్త బోర్డును తిప్పి టార్చి వేసి చూస్తే, వెనుకవైపు ఆకుపచ్చ పూత మీద బియ్యపు గింజంత వెడల్పున అరచందమామలా ఒక గీత కనబడింది. ఆ గీత అంచున, ఏదో భాగం తాలూకు సోల్డర్ బొడిపె తల చదునుగా నలిగి తళతళ మెరుస్తోంది. గీత పూతను మాత్రమే గీసింది, కింది రాగి దారి బయటపడలేదని భూతద్దంతో చూసుకున్నాక గానీ నాకు ఊపిరి ఆడలేదు.

ఆ స్టాండ్‌ఆఫ్ పాత రంగుతో అతుక్కుపోయి ఉంటే ప్లయర్‌తో పట్టి విప్పాను. ఎనిమిదింటినీ బోర్డు రంధ్రాలతో ఒక్కొక్కటిగా సరిచూసుకుని మళ్లీ బిగించాం. కేబినెట్ బటన్ నొక్కితే ఈసారి ఫ్యాన్లు ఆగలేదు. తప్పు తేలిన తరువాత అది ఎంత చిన్నదిగా కనిపించినా, నిన్ననే పదిసార్లు బటన్ నొక్కి ఉంటే ఈ బోర్డు మాకు దక్కేది కాదేమో.

మార్చి 12, బుధవారం

రెండు రోజులు ఆఫీసు పనితో కుదరలేదు. సాయంత్రం ఏడింటికి రెండు ర్యామ్ స్టిక్కులు, ఎస్‌ఎస్‌డీ తిరిగి పెట్టి, మానిటర్ హెచ్‌డీఎంఐ కేబుల్‌ను బోర్డు వెనుక పెట్టి ఆన్ చేశాం. ఫ్యాన్లు తిరిగాయి, డిస్‌ప్లే రాలేదు.

బోర్డు అంచున నాలుగు చిన్న దీపాలు ఉన్నాయి. అవి వరుసగా ప్రాసెసర్, మెమరీ, డిస్‌ప్లే, బూట్ మెట్లను సూచిస్తాయి. ఏ మెట్టు దగ్గర ఆగితే ఆ దీపం వెలుగుతూ ఉండిపోతుంది. ప్రాసెసర్ దీపం ఒక్క క్షణం వెలిగి ఆరింది, పసుపు రంగు మెమరీ దీపం వెలిగి నిలిచిపోయింది. నిమిషం చూసి ఆపాం. మళ్లీ వేసి మళ్లీ నిమిషానికి ఆపాం. మూడోసారి కూడా అంతే.

ఈలోగా బోర్డుతో వచ్చిన పుస్తకం చదువుతున్న అమ్మాయి, కొత్త మెమరీతో మొదటిసారి మొదలయ్యేటప్పుడు కొన్ని నిమిషాల పాటు తెర నల్లగా ఉండవచ్చని, ఆ సమయంలో ఆపవద్దని రాసి ఉన్న పేరాను నాకు చూపించింది. మేము ఆపిన ప్రతిసారీ ఆ పని మొదటికి వస్తోంది.

దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. దీని వెనుక ఉన్న కారణం నాకు చాలా నచ్చింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. మా ర్యామ్ పెట్టె మీద రాసిన పూర్తి వేగం సెకనుకు 600 కోట్ల బదిలీలు, అంటే 6000 ఎంటీ (మెగాట్రాన్స్‌ఫర్లు). ఆ వేగంలో ఒక్కో బిట్టు తీగ మీద ఉండే సమయం సుమారు 0.17 నానోసెకను. ఆ వ్యవధిలో బోర్డు మీది రాగి దారిలో సంకేతం ప్రయాణించగలిగేది రెండున్నర సెంటీమీటర్లు మాత్రమే. పదుల సంఖ్యలో ఉన్న దారులన్నీ అచ్చంగా ఒకే పొడవు ఉండవు, ఒక్కో స్టిక్కు స్వభావం ఒక్కో రకంగా ఉంటుంది, ఒక్కో ప్రాసెసర్ ఒక్కో రకంగా స్పందిస్తుంది. కాబట్టి ఏ దారి మీద ఏ క్షణంలో చూస్తే ఒకటి ఒకటిగానూ సున్నా సున్నాగానూ కనబడుతుందో, ఏ వోల్టేజీని హద్దుగా పెట్టుకోవాలో, ప్రతి దారికీ రాసి చదివి సరిపోల్చుకుంటూ కంప్యూటర్ తనే కనుక్కోవాలి. ఏఎమ్‌డీ వేదికల్లో ఈ పనిని ప్రధాన కోర్లు మేల్కొనకముందే ప్రాసెసర్ లోపలి ఒక చిన్న సహాయక ప్రాసెసర్ చేస్తుంది. తెర మీద ఏమీ చూపించలేకపోవడానికి కారణం అదే: ఇంకా మెమరీయే సిద్ధం కాలేదు, డిస్‌ప్లే ఆ తరువాతి మెట్టు.

ఇది తెలిశాక ప్లగ్గు తీసి, బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు బయట పెట్టి బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) అమరికలు చెరిపేశాం. గోడ గడియారం చూస్తూ ఆన్ చేశాం. పది నిమిషాలైంది. ఇరవై నిమిషాలైంది. పసుపు దీపం చలించలేదు. ఇక ఇది ట్రైనింగ్ ఆలస్యం కాదు.

ఇక్కడి నుంచి ఒక నియమం పెట్టుకున్నాం: ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, చేసిన మార్పును, పట్టిన సమయాన్ని నోటుపుస్తకంలో రాశాకే తరువాతిదానికి వెళ్లాలి. ఒక్క స్టిక్కును ఏ2లో పెట్టి వేశాం. మొదటి నిమిషం ఏమీ లేదు, రెండో నిమిషం ఏమీ లేదు, నేను స్విచ్చు వైపు చూస్తుంటే అమ్మాయి, "ఇంక కొంచెం ఆగుదాం పెద్దనాన్నా, పోయినసారి రాసుకున్నం గద" అంది. మూడు నిమిషాల పది సెకన్లకు కంప్యూటర్ తనంతట తానే ఒకసారి ఆరి వెలిగి, తెర మీద బోర్డు కంపెనీ గుర్తు కనిపించింది. బయోస్ లోపల 16 జీబీ చూపించింది. ఐదు రోజులుగా చూడాలనుకున్న తెర అది, ఇద్దరం చాలాసేపు ఏ మీటా నొక్కకుండా దాన్ని చూస్తూ ఉండిపోయాం.

రెండో స్టిక్కును ఒంటరిగా అదే ఏ2లో పెట్టాం, దాదాపు అంతే సమయానికి తెర వచ్చింది. అంటే రెండు స్టిక్కులూ మంచివే. తరువాత మొదటి స్టిక్కును బీ2లో ఒంటరిగా పెట్టాం. ఇరవై నిమిషాలైనా రాలేదు. రెండో స్టిక్కు బీ2లో కూడా అంతే. అప్పటికి రాత్రి పదకొండున్నర దాటింది. ర్యామ్ మీద ఉన్న అనుమానం పూర్తిగా తీరి, బీ చానెల్ మీదికి, అంటే బీ గాడులను ప్రాసెసర్‌కు కలిపే దారి మీదికి మారింది. గాడిలో ధూళి లేదు, పగులు లేదు. బీ2 గాడి నుంచి బయలుదేరిన రాగి దారులు చేరేది ప్రాసెసర్ సాకెట్‌కే కాబట్టి శనివారం కూలర్ విప్పి అక్కడే చూడాలి.

మార్చి 15, శనివారం

నిన్న హోలీ సెలవు ఉన్నా ఈ పని ముట్టుకోలేదు. కూలర్ విప్పితే, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే థర్మల్ పేస్టును తుడిచి కొత్తది రాయాల్సిందే, మా దగ్గర అది లేదు. ఈ ఉదయం దగ్గరలోని మొబైల్ రిపేరు దుకాణంలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా, ఒక పేస్టు ట్యూబు దొరికాయి.

నాలుగు స్క్రూలు విప్పి కూలర్‌ను పైకి తీసి తిప్పి చూడగానే చాలావరకు అర్థమైంది. పేస్టు ముద్ర ఒక వైపు పలచబడి లోహం రంగు కనిపిస్తోంది. ఎదురు వైపు మీగడ తరకలా మందంగా, దువ్వెనతో దువ్వినట్టు ముడతలతో మిగిలిపోయింది. పోయిన శనివారం నాడు కూలర్ బిగించింది నేను. దగ్గరగా ఉన్న రెండు స్క్రూలను ముందు పూర్తిగా బిగించి, తరువాత మిగతా రెండింటికి వెళ్లాను. దానితో కూలర్ ఒక వైపుకు ఒరిగి, ప్రాసెసర్‌ను ఒక అంచున గట్టిగా, రెండో అంచున వదులుగా నొక్కింది. 1718 స్ప్రింగు పిన్నులూ ఒకే ఒత్తిడితో తాకాల్సిన చోట ఒక మూల తాకీ తాకకుండా ఉంటే, ఆ మూలన ఉన్న మెమరీ చానెల్ పనిచేయకపోవడం ఈ రకం సాకెట్లలో అందరికీ తెలిసిన లక్షణమే.

అయినా పిన్ను వంగి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయకూడదు. సాకెట్ మూత ఎత్తి ప్రాసెసర్‌ను అంచులు పట్టుకుని తీశాం. ఫోన్ కెమెరాను దగ్గరి దృశ్యం మీద పెట్టి, టార్చి వెలుగును పక్క నుంచి ఏటవాలుగా వేసి, నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి పెద్దవిగా చేసి చూశాం. వరి మడిలో నాట్లు వేసినట్టు పిన్నులన్నీ ఒకే వాలులో ఉన్నాయి, ప్రతి మొన మీదా ఒక చుక్క మెరుపు ఒకే చోట పడుతోంది. ఎక్కడైనా పిన్ను వంగితే ఆ చుక్క వరుస తప్పేది. వంగినది లేదు. ప్రాసెసర్ అడుగున ఒక మూల వేలిముద్ర మసక కనిపిస్తే ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టాం.

తిరిగి బిగించేటప్పుడు నాలుగు స్క్రూలనూ చేతితో పట్టుకునేంతవరకే తిప్పి, ఆపైన ఎదురెదురు మూలల చొప్పున రెండేసి చుట్లు వేసుకుంటూ, చివరికి స్క్రూ దానంతట అదే ఆగేవరకు వెళ్లాం. రెండు స్టిక్కులనూ ఏ2, బీ2లలో పెట్టి ఆన్ చేశాం. పసుపు దీపం వెలిగింది. ఈసారి ఎవరమూ స్విచ్చు వైపు చూడలేదు. ఐదు నిమిషాల నలభై సెకన్లకు తెర వచ్చింది. బయోస్‌లో 32 జీబీ, రెండు చానెళ్లు, వేగం 4800.

ఒక విషయం నిజాయితీగా రాసుకోవాలి. కూలర్ ఒరగడం వల్లనే ఈ లోపం వచ్చిందా, వేలిముద్ర తుడవడం వల్ల పోయిందా, లేక ప్రాసెసర్ తీసి మళ్లీ కూర్చోబెట్టడమే సరిచేసిందా అన్నది నేను ఖచ్చితంగా చెప్పలేను, ఎందుకంటే మూడూ ఒకే విడతలో చేశాం. బుధవారం పెట్టుకున్న నియమాన్ని ఇక్కడ తప్పాను. పేస్టు ముద్రను చూశాక నా మొగ్గు మొదటి కారణం వైపే ఉంది.

ప్రాసెసర్ వేడి బయోస్‌లో 44 డిగ్రీలు చూపించింది. దీని గరిష్ఠ పరిమితి 95 డిగ్రీలు కాబట్టి ఇప్పటికి దిగులు లేదు.

మార్చి 16, ఆదివారం

ముందుగా బయోస్ అప్‌డేట్. బోర్డు కంపెనీ సైటులో కొత్త వెర్షన్ వివరణలో మెమరీ స్థిరత్వం మెరుగుపడిందని రాసి ఉంది. పెన్ డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేసి, ఫైలు అందులో వేసి, బయోస్ లోపలి నుంచే మొదలుపెట్టాం. మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకుండా పోయే ప్రమాదం ఉంది కనుక కంప్యూటర్‌ను ఇన్వర్టర్ ఉన్న గదిలోకి మార్చి చేశాం. మా ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకం. మెట్లుమెట్లుగా వేవ్ ఇచ్చే చవక రకాలతో ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని సరిగా పనిచేయవు, మార్పిడి క్షణంలో ఆగిపోతాయి. అప్‌డేట్ పూర్తయ్యాక ట్రైనింగ్ మళ్లీ మొదటి నుంచి జరిగింది, తెర నాలుగు నిమిషాలకు పైగా నల్లగా ఉంది. ముందే తెలియకపోతే బోర్డు పోయిందని గుండె ఆగేది.

తరువాత పాత కంప్యూటర్‌లోని సాటా ఎస్‌ఎస్‌డీ తెచ్చి తగిలించాం. అందులోని విండోస్ అలాగే లేస్తుందేమోనని అమ్మాయి ఆశ. లేవలేదు. నాలుగోదైన ఆకుపచ్చ బూట్ దీపం వెలిగి నిలిచింది, బయోస్‌లో మాత్రం డిస్క్ పేరు స్పష్టంగా కనిపిస్తోంది. పాత విండోస్ ఎంబీఆర్ పద్ధతిలో ఉంది, అంటే డిస్క్ మొట్టమొదటి 512 బైట్లలో ఉన్న చిన్న ప్రోగ్రాంను పాతకాలపు బయోస్ చదివి నడిపేది. యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతిలో నడిచే బోర్డు దాన్ని పట్టించుకోదు, జీపీటీ అనే కొత్త తరహాలో విభజించిన డిస్క్‌లో ప్రత్యేకంగా ఉండే చిన్న విభాగంలో బూట్ ఫైలు కోసం వెతుకుతుంది. పాతదాన్ని మార్చడానికి విండోస్‌లోనే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనం ఉంది, కానీ పదేళ్ల పాత చెత్తను కొత్త ఇంటికి మోసుకురావడం నాకు ఇష్టం లేక, ఎన్‌వీఎంఈ మీద కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, పాత డిస్క్‌ను ఫైళ్ల కోసం మాత్రమే ఉంచాం. ఇదంతా గంటలోపే అయిపోయింది.

మార్చి 22, శనివారం

వారం రోజులుగా అమ్మాయి దీని మీదే పని చేసుకుంటోంది. ఒక్కసారి కూడా ఆగిపోలేదు. మిగిలింది ర్యామ్‌ను పూర్తి వేగానికి తీసుకెళ్లడం. బయోస్‌లో ఎక్స్‌పో ప్రొఫైల్, అంటే ర్యామ్‌లోనే ముందుగా రాసి ఉన్న పూర్తి వేగపు అమరిక, ఎంచుకుంటే వేగం 4800 నుంచి 6000కు, ర్యామ్ వోల్టేజీ 1.1 నుంచి 1.35కు మారుతుంది. సోమవారం రాత్రి అది పెట్టి, ట్రైనింగ్ పూర్తయ్యాక, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ఉన్న పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి పది గంటల నుంచి తెల్లవారి ఆరు వరకు వదిలేశాం. తప్పుల గడిలో సున్నా. ఒక్క తప్పు కనిపించినా తిరిగి 4800కే వెళ్లాలని ముందే అనుకున్నాం, ఎందుకంటే అర్ధరాత్రి మూడింటికి ఆమె ప్రాజెక్టు ఫైలు పాడవడం కంటే కొంచెం నెమ్మదిగా నడవడమే మేలు.

ఒక ఇబ్బంది మాత్రం వచ్చింది. 6000 పెట్టాక ప్రతి ఉదయం మొదటిసారి వేసినప్పుడు తెర రావడానికి 50 సెకన్లు పడుతోంది. ప్రతిసారీ ట్రైనింగ్‌లో కొంత భాగం మళ్లీ జరుగుతోందని అర్థమైంది. బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ అనే అమరిక ఉంది. దాన్ని ఆన్ చేస్తే ఒకసారి కనుక్కున్న విలువలను దాచుకుని, తరువాత వాటినే నేరుగా వాడుకుంటుంది. కొన్ని బోర్డుల మీద ఇది స్థిరత్వాన్ని దెబ్బతీస్తుందని విన్నాను కాబట్టి, పనిలేనప్పుడు మెమరీ కరెంటు వాడకాన్ని తగ్గించే పవర్ డౌన్ అమరికను కూడా ఆన్‌లో ఉంచి, మొన్న రాత్రి మెమ్‌టెస్ట్ మరోసారి నడిపాం. మళ్లీ సున్నా.

ఈ ఉదయం ఆరున్నరకు, రాత్రంతా ప్లగ్గు తీసి ఉంచిన కంప్యూటర్‌ను అమ్మాయి ఆన్ చేసింది. నేను గడియారం పట్టుకున్నాను. నాలుగు దీపాలు వరుసగా వెలిగి ఆరాయి, 21 సెకన్లకు విండోస్ తెర వచ్చింది. "రాసుకో బిడ్డా" అన్నాను. తేదీ, సమయం, బయోస్ వెర్షన్, ర్యామ్ గాడులు, బ్యాటరీ తీస్తే ఐదారు నిమిషాలు ఆగాలన్న మాట, అన్నీ ఒక కాగితం మీద రాసి, మడిచి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, కేబినెట్ పక్క తలుపు లోపలి వైపు టేపుతో అంటించింది. ఊడదీసిన ఆ తొమ్మిదో స్టాండ్‌ఆఫ్ కూడా అదే కవరులో ఉంది.